లంకల మధ్య సీహెచ్‌సీ, దాని కింద పీహెచ్‌సీలు: అబార్షన్ సేవలు మొదలుపెట్టే ముందు ఏమేం సిద్ధం చేసుకోవాలి?

గౌతమి పాయ:

నమస్కారమండి. కోనసీమలో ఒక సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం), దాని చుట్టూ ఐదు పీహెచ్‌సీలు (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు). ఇన్నాళ్లూ ఎంటీపీ (వైద్యపరంగా గర్భం తీయించుకోవడం) కోసం ఎవరొచ్చినా అమలాపురానికో, కాకినాడ ప్రభుత్వ పెద్దాస్పత్రి జీజీహెచ్‌కో చీటీ రాసి పంపడమే. ఆ చీటీ పట్టుకుని ఎవరు అక్కడిదాకా వెళ్లారో, ఎవరు దారిలో మందుల షాపు దగ్గరే ఆగిపోయారో లెక్కే లేదు. కొంతమంది తర్వాత రక్తస్రావంతో 108లో వస్తున్నారు. అందుకని ఈ సేవ ఇక్కడే పెట్టాలని నిర్ణయం జరిగింది.

సీహెచ్‌సీలో గైనకాలజిస్టు ఒక్కరే. పీహెచ్‌సీల్లో అందరూ ఎంబీబీఎస్‌లు. విడిగా ఏమైనా అనుమతి తెచ్చుకోవాలా? ఎవరికి ఎంత శిక్షణ ఉండాలి? సామాను ఏం కావాలి, వాడాక ఎలా శుభ్రం చెయ్యాలి? అందరూ అందరికీ తెలిసిన ఊళ్లలో గుట్టు ఎలా కాపాడాలి? వరద రోజుల సంగతేంటి? తెలిసినవాళ్లు వివరంగా రాస్తే ప్లానులో పెట్టుకుంటాను.

రిజిస్టరు గది:

అనుమతి గురించి దిగులు వద్దండి. 1971 ఎంటీపీ చట్టం సెక్షన్ 4 ప్రకారం ప్రభుత్వం పెట్టిన లేదా నడుపుతున్న ఆస్పత్రికి విడిగా సర్టిఫికేట్ అక్కర్లేదు. జిల్లా కమిటీకి ఫారం ఏ పెట్టుకుని ఫారం బి తెచ్చుకోవాల్సింది ప్రైవేటువాళ్లు. ఈ తేడా తెలియక చాలా పీహెచ్‌సీలు "మాకు లైసెన్సు రాలేదు" అని చేతులు కట్టుకుని కూర్చుంటాయి.

అసలు చూసుకోవాల్సింది డాక్టరు అర్హత. 2021 అక్టోబరులో వచ్చిన నిబంధనల ప్రకారం 9 వారాల లోపు మాత్రలతో చేయడానికి గైనిక్‌లో 3 నెలల ఆస్పత్రి అనుభవమైనా ఉండాలి, లేదా ప్రభుత్వ ఆస్పత్రిలోనో గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రంలోనో అర్హత ఉన్న డాక్టరు పర్యవేక్షణలో 10 కేసులు సొంతంగా చేసి ఉండాలి. 12 వారాల దాకా అయితే 25 కేసుల్లో సహాయం చేసి, అందులో కనీసం 5 సొంత చేత్తో చేసి ఉండాలి. అది దాటితే పీజీ గానీ, డిప్లొమా గానీ, నిబంధనల్లో చెప్పిన మేరకు గైనిక్ విభాగంలో పనిచేసిన అనుభవం గానీ కావాలి.

సాధారణంగా తేడా కొట్టేది ఎక్కడంటే, కేసులు తక్కువ వచ్చే చోటికి శిక్షణకు పంపుతారు. రోజులు పూర్తవుతాయి, సర్టిఫికేట్ వస్తుంది, కేసుల సంఖ్య మాత్రం నిండదు. పంపే ముందే ఆ కేంద్రంలో నెలకు ఎన్ని జరుగుతున్నాయో కనుక్కోండి. లాగ్ బుక్కులో ప్రతి కేసుకూ శిక్షకుడి సంతకం ఉండేలా చూడండి. ఇంకొకటి, సీహెచ్‌సీకి ఒక్కరినే తయారు చేస్తే ఆమెకు బదిలీ అయిన రోజే సేవ ఆగిపోతుంది. డాక్టర్లు ఇద్దరు, స్టాఫ్ నర్సులు ఇద్దరు తక్కువ కాకుండా చూసుకోండి.

చట్టంలో వారాల లెక్క: 20 వారాల వరకు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 మధ్య ఇద్దరు కావాలి, అదీ నిబంధన 3బి లో చెప్పిన వర్గాలకు. అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త చనిపోయినవాళ్లు లేక విడాకులైనవాళ్లు, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లు, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు, పిండంలో లోపం ఉన్నవాళ్లు ఇందులోకి వస్తారు. ప్రభుత్వం ప్రకటించిన విపత్తు పరిస్థితుల్లో గర్భంతో ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. గోదావరి వరదలు వచ్చే జిల్లాలో ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి. 2022 సెప్టెంబరు 29 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో పెళ్లికాని స్త్రీలకూ 24 వారాల వరకు ఇదే వర్తిస్తుంది. 24 దాటి పిండంలో తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు. అర్జీ అందిన 3 రోజుల్లో బోర్డు అభిప్రాయం చెప్పాలి, 5 రోజుల్లో ప్రక్రియ ముగియాలి. ప్రాణం మీదికి వచ్చిన సందర్భంలో వారాలు అడ్డం కావు, అది సెక్షన్ 5.

ఇదంతా చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క. "మూడో నెల" అని రాసుకుంటే అది 9 వారాలో 12 వారాలో తేలదు. ఓపీ చీటీ మీద వారాలు, రోజులు రాయించండి. తేదీ గుర్తులేనివాళ్లకు ఓపీ గదిలో తెలుగు పంచాంగం క్యాలెండరు తగిలించి అడిగితే "వినాయక చవితికి ముందు మంగళవారం" అని చెబుతారు, దాన్నిబట్టి తేదీ తేలిపోతుంది. దాంతోపాటు చేతి పరీక్ష. స్కానింగ్ చట్టం ప్రకారం తప్పనిసరి కాదు. వారాలు తేలకపోయినా, గర్భం ట్యూబులో ఉందేమో అనిపించినా తీయించాలి గానీ, స్కానింగ్ లేదన్న ఒక్క కారణంతో ఏ మనిషినీ తిప్పి పంపకూడదు. తిప్పి పంపిన ప్రతిసారీ ఒక వారం పోతుంది. మాత్రలతో పోయేది ఎంవీఏ (చేతితో నడిచే సిరంజితో తీయడం) దాకా వస్తుంది, ఎంవీఏతో పోయేది జిల్లా ఆస్పత్రి దాకా వెళ్తుంది. మీ ప్లాను మొత్తం ఈ ఒక్క విషయం చుట్టూ అల్లుకోండి.

ఓటీ టేబుల్:

సామాను గురించి నేను చెబుతానండి. మొదటి మాట, డీఎన్‌సీ క్యూరెట్‌ను (గర్భసంచి గీకే పరికరాన్ని) ఈ పనికి వాడకండి. 12 వారాల లోపు కడుపుకి చేతితో నడిచే వాక్యూమ్ సిరంజి, అంటే ఎంవీఏ, సురక్షితం. కరెంటుతో పనిలేదు కాబట్టి గాలివాన రోజుల్లో కూడా ఆగదు.

సెట్టు: రెండు వాల్వుల 60 మి.లీ. సిరంజి, 4 నుంచి 12 మి.మీ. వరకు క్యాన్యులాలు (గర్భసంచిలోకి పెట్టే గొట్టాలు), స్పెక్యులమ్, వల్సెలమ్, డైలేటర్లు, స్పాంజ్ హోల్డర్, గిన్నె, జల్లెడ. క్యాన్యులా మి.మీ. దాదాపు గర్భం వారాలతో సమానంగా ఎంచుకుంటాం. 5 నుంచి 8 వరకు ఉన్నవే ఎక్కువగా అయిపోతాయి, ఇండెంటులో వాటి సంఖ్య పెంచండి. సిరంజిలు ఎన్నంటే, ఒకటి వాడుతుంటే ఇంకొకటి శుభ్రమవుతుండాలి, మూడోది మూత పెట్టి సిద్ధంగా ఉండాలి.

ప్రతి కేసుకు ముందు వాక్యూమ్ పరీక్ష చెయ్యాలి. వాల్వు బటన్లు నొక్కి మూసి, పిస్టన్ చేతులు బయటికి వచ్చి ఆగేదాకా లాగి, రెండు మూడు నిమిషాలు పక్కన పెట్టండి. తర్వాత బటన్ వదిలితే గాలి "ఉష్" మని లోపలికి దూసుకుపోవాలి. చప్పుడు రాకపోతే ఓ-రింగు ఎండిపోయిందనో, చీలిందనో, వాల్వులో ఏదో ఇరుక్కుందనో అర్థం. రింగు తీసి చూసి, ఒక చుక్క సిలికాన్ నూనె రాసి మళ్లీ పరీక్షించండి. అప్పటికీ పట్టకపోతే ఆ సిరంజి పక్కన పడెయ్యాల్సిందే. పట్టులేని సిరంజితో చేస్తే కొంత లోపల మిగిలిపోతుంది.

నొప్పికి ముందుగా ఐబూప్రొఫెన్ మాత్ర, ఆ తర్వాత గర్భాశయ ముఖద్వారం చుట్టూ లిగ్నోకైన్ మత్తు ఇంజెక్షన్. స్టోర్సు నుంచి వచ్చేది ఎక్కువగా 2 శాతం సీసా. అందులో 10 మి.లీ.కి 10 మి.లీ. సెలైన్ కలిపితే 1 శాతం 20 మి.లీ. అవుతుంది. అది దాటకూడదు. సూది గుచ్చాక వెనక్కి లాగి రక్తం రావట్లేదని చూసుకున్నాకే మందు ఎక్కించాలి, తర్వాత 3 నిమిషాలు ఆగాలి. ఆ మూడు నిమిషాలు ఆగకుండా మొదలుపెట్టడం వల్లే టేబుల్ మీద మనిషి విలవిల్లాడిపోతుంది, ఆ సంగతి ఊరంతా పాకుతుంది. ఇన్ఫెక్షన్ రాకుండా ముందే డాక్సీసైక్లిన్ 200 మి.గ్రా. ఇవ్వాలి.

క్యాన్యులా గర్భసంచిలో ఉండగా పిస్టన్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ లోపలికి తొయ్యకూడదు. ఎర్రటి నురగ రావడం, గరుకు తగలడం, గర్భసంచి క్యాన్యులాను పట్టేయడం జరిగితే పని అయినట్టు. తీసినదాన్ని జల్లెడలో కడిగి, గాజు గిన్నెలో నీళ్లు పోసి కింద నుంచి దీపం పెట్టి చూడాలి. నూలుపోగుల్లాంటి విల్లై (గర్భం తాలూకు కణజాలం) కనిపించాలి. కనిపించకపోతే మిగిలిపోయి ఉండొచ్చు, లేదా గర్భం ట్యూబులో ఉండొచ్చు. ఆమెను ఇంటికి పంపకుండా అప్పుడే స్కానింగ్‌కి, అవసరమైతే పైఆస్పత్రికి పంపాలి.

శుభ్రం: 0.5 శాతం క్లోరిన్ నీళ్లలో 10 నిమిషాలు. లీటరుకు 15 గ్రాముల బ్లీచింగ్ పౌడరు, అంటే మూడు టీస్పూన్లు. మన గాలిలో తేమకు బ్లీచింగ్ గడ్డకట్టి పస తగ్గిపోతుంది కాబట్టి మూత బిగించిన డబ్బాలో, కొద్దికొద్దిగా తెప్పించుకుని వాడాలి. కలిపిన నీళ్లు ఆ రోజుకే. పది నిమిషాలు దాటి ఉంచితే వల్సెలమ్ తుప్పు పడుతుంది. ఆ తర్వాత సబ్బునీళ్లతో విడగొట్టి కడగాలి. ఆ తర్వాత 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు. డబ్బా మూత మీద కలిపిన తేదీ రాయాలి, 14 రోజులకు మించి వాడకూడదు. తీశాక కాచి చల్లార్చిన మంచినీళ్లతోనే కడగండి. సముద్రం వైపు మండలాల్లో బోరునీళ్లు ఉప్పు, వాటిని పరికరాలకు తగలనివ్వకండి. ఆటోక్లేవ్ చెయ్యొచ్చా లేదా అన్నది సిరంజి రకాన్నిబట్టి ఉంటుంది, పెట్టె మీద చూసే చెయ్యండి. పాత రకం అయితే వేడికి వంకరపోతుంది.

వ్యర్థాల విషయం మీ ప్రాంతంలో మామూలుగా తీసుకోకండి. తీసినదంతా పసుపు సంచిలో వేసి కామన్ ట్రీట్‌మెంట్ కేంద్రం బండికి ఇవ్వాలి. బండి రాని చోట లోతుగా గొయ్యి తీసి పూడ్చమని 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చెబుతాయి గానీ, గొయ్యి 2 మీటర్ల లోతు ఉండాలి, దాని అడుగు నుంచి భూగర్భ జలం కనీసం 6 మీటర్ల కింద ఉండాలి. లంకల్లో పార పెడితే నీళ్లు పైకొస్తాయి. కాబట్టి ఆ దారి మీకు లేదనుకోండి. బండి రూటులో మీ సీహెచ్‌సీ ఉందా, పీహెచ్‌సీల సంచులు అక్కడిదాకా ఎవరు తేవాలి, ఇది రాతపూర్వకంగా తేల్చుకున్నాకే పీహెచ్‌సీల్లో ఎంవీఏ మొదలుపెట్టండి.

గౌతమి పాయ:

చాలా ఉపయోగమండి. మాకు ఎక్కువ గొడవ వచ్చేది సంతకాల దగ్గర. భర్త సంతకం లేకపోతే సిస్టర్లు భయపడుతున్నారు. పద్దెనిమిది నిండనివాళ్లు వస్తే పోలీసులకు చెప్పాలంటారు, చెబితే పేరు బయటికొస్తుందని తల్లిదండ్రులు వెనక్కి వెళ్లిపోతున్నారు. యానాం నుంచి వచ్చినవాళ్లను చూడొచ్చా?

రిజిస్టరు గది:

భర్త సంతకం చట్టంలో ఎక్కడా లేదండి. పద్దెనిమిది నిండిన స్త్రీ అయితే ఫారం సి మీద ఆమె సంతకం ఒక్కటే. వేలిముద్ర అయినా సరే. 18 లోపు వాళ్లకు, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లకు సంరక్షకుల సంతకం కావాలి. సంరక్షకుడు అంటే ఆ మనిషి బాగోగులు చూసుకునేవాళ్లు అని చట్టం చెప్పింది, తండ్రే రావాలని కాదు. అమ్మమ్మ పెంచుతుంటే అమ్మమ్మ చాలు. 2021 సవరణలో "పెళ్లైన స్త్రీ, ఆమె భర్త" అన్నచోట "స్త్రీ, ఆమె భాగస్వామి" అని మార్చారు. కాబట్టి గర్భనిరోధకం విఫలమైందని రాయడానికి పెళ్లి అయిందా అని అడగక్కర్లేదు.

మైనర్ విషయంలో పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 19 ప్రకారం సమాచారం ఇవ్వాల్సిందే. కానీ 2022 తీర్పులోనే కోర్టు తేల్చింది, మైనరూ, సంరక్షకులూ కోరితే ఆ సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు వివరాలు డాక్టరు ఇవ్వక్కర్లేదు. ఈ ఒక్క పేరా తెలుగులో రాయించి మెడికల్ ఆఫీసర్ టేబుల్ అద్దం కింద పెట్టండి. సమాచారం ఇచ్చేదాకా వైద్యం ఆపమని ఎక్కడా లేదు.

గుట్టు: సెక్షన్ 5ఏ కింద వివరాలు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పేరు ఉండేది ఫారం 3 అడ్మిషన్ రిజిస్టరులో ఒక్కచోటే. కేస్ షీటు, ఓటీ రిజిస్టరు, ఫాలోఅప్ కార్డు, వీటి మీద పేరు బదులు ఆ రిజిస్టరు సీరియల్ నంబరు, పక్కన అడ్డగీత (/) వేసి ఏడాది, అంతే. జనవరి 1న నంబరు మళ్లీ ఒకటితో మొదలవుతుంది. ఫారం సి, డాక్టరు అభిప్రాయం రాసే ఫారం 1 కవరులో పెట్టి అంటించి, "రహస్యం" అని రాసి, సీరియల్ నంబరు వేసి ఆస్పత్రి అధిపతి బీరువాలో ఉంచాలి. ప్రక్రియ అయిన 3 గంటల్లోపు ఫారం 1 పూర్తి చెయ్యాలి. ఇది మర్నాటికి వాయిదా వేసే అలవాటు చాలాచోట్ల ఉంది. నెలకొకసారి ఫారం 2 జిల్లా వైద్యాధికారికి. అందులో పేర్లు ఉండవు. రిజిస్టరు చివరి ఎంట్రీ నుంచి 5 ఏళ్లు దాచాలి.

ఎక్కడ బయటపడుతుందంటే, ల్యాబ్ చీటీ మీద "ఎంటీపీ కొరకు" అని రాయడం, మందుల కౌంటరులో మాత్రల పేరు గట్టిగా పిలవడం, ఆశా కార్యకర్తల వాట్సాప్ గ్రూపులో "ఫలానా ఆమెను తీసుకొస్తున్నా" అని పెట్టడం. ముందు ఈ మూడూ ఆపించండి.

యానాం పుదుచ్చేరిలోదే కానీ చట్టం దేశం మొత్తానికి ఒకటే. నివాస ధ్రువీకరణ గానీ, ఆధార్ గానీ ఎంటీపీ చట్టం అడగలేదు. ఇంకోమాట, లింగ నిర్ధారణ నిషేధ చట్టం వేరు, ఇది వేరు. ఆడపిల్లలున్న ఇల్లాలు వచ్చింది కదా అని అనుమానంతో తిప్పి పంపడానికి ఏ చట్టమూ చెప్పలేదు.

స్టోర్సు తాళం:

మాత్రల సంగతి. కాంబిప్యాక్ ఒకటి అంటే మిఫెప్రిస్టోన్ 200 మి.గ్రా. ఒకటి, మిసోప్రోస్టాల్ 200 మైక్రోగ్రాములవి నాలుగు. 63 రోజుల దాకా. మొదటి రోజు మిఫెప్రిస్టోన్ ఎదురుగా మింగించడం, మూడో రోజు మిసోప్రోస్టాల్ నాలుగూ, పదిహేనో రోజు పరీక్ష. ముందే హిమోగ్లోబిన్ చూడాలి, 8 కన్నా తక్కువ ఉంటే పీహెచ్‌సీలో మాత్రలు ఇవ్వొద్దు. కాపర్-టీ లోపలుంటే తీశాకే. చాలాకాలంగా స్టెరాయిడ్లు, రక్తం పలుచబడే మందులు వాడుతున్నవాళ్లను, ట్యూబులో గర్భం అనుమానం ఉన్నవాళ్లను పైకి పంపాలి.

మిసోప్రోస్టాల్‌కి తేమ పడదు. స్ట్రిప్పు కత్తెరతో కత్తిరించి ఒక్కో మాత్ర పొట్లం కట్టిస్తే, మన వాతావరణంలో అది పనిచెయ్యదు. తర్వాత "మందు ఫెయిలైంది" అంటారు. ప్యాక్ మొత్తం చేతికివ్వాలి. స్టోర్సులో నేల మీద, తడి గోడకు ఆనించి అట్టపెట్టెలు పెట్టకండి, చెక్క పలకల మీద పెట్టండి. ఆక్సిటోసిన్ మాత్రం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. ఐఎల్ఆర్‌లో (టీకాల ఫ్రిజ్‌లో) టీకాల పక్కన ఎవరు పెడతారు అన్న వాదన మొదలవకముందే చోటు తేల్చుకోండి.

ఆర్‌హెచ్ నెగటివ్ రక్తం ఉన్నవాళ్లకు ఇచ్చే ఆంటీ-డి ఇంజెక్షన్ గురించి: 12 వారాల లోపు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకం. మన దగ్గర ఇవ్వడమే పద్ధతి కాబట్టి ఇండెంటు పెట్టండి. కానీ ఆ ఇంజెక్షన్ రాలేదని ఏడు వారాల మనిషిని పది వారాల దాకా ఆపకండి.

వరదలకు: ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75 కు రెండోది, 17.75 కు మూడోది. లంకలకు కాజ్‌వేలు మునిగి, పంటు ఆగిపోతే మొదటి రోజు మాత్ర మింగినామె మూడో రోజు రాలేదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా లంక నుంచి వచ్చేవాళ్లకు ఎంవీఏ కూడా ఉందని చెప్పండి. ఒక్క రాకతో అయిపోతుంది. మాత్రలే కావాలంటే, ఆ మూడు రోజులూ గట్టు మీద చుట్టాలింట్లో ఉండగలదా అని అడగండి. ఏరు దాటి వెళ్లక తప్పదంటే, పడవ నడుస్తున్నదా లేదా డాక్టరు తెలుసుకున్నాకే మాత్ర ఇవ్వాలి. జూన్ నెలాఖరుకే రెండు నెలల కాంబిప్యాక్‌లు, ఐబూప్రొఫెన్, ఐవీ సెలైన్లు పీహెచ్‌సీలకు చేర్చి ఉంచాలి.

కాలువ గట్టు:

క్షేత్రస్థాయి సంగతులు కొన్ని. మొదటి రోజు నుంచే అన్ని కేసులూ ఎత్తుకోవద్దండి. ముందు సగం కడుపు పోయి వచ్చేవాళ్లకు వైద్యం సరిగ్గా జరిగేలా చూడండి. షాపులో మాత్రలు కొని రక్తస్రావంతో వచ్చినవాళ్లకు, గర్భసంచి 12 వారాల సైజు లోపుంటే ఎంవీఏ గానీ, 600 మైక్రోగ్రాముల మిసోప్రోస్టాల్ నోటితో గానీ సరిపోతుంది. ఎంవీఏ చెయ్యి తిరగడానికి ఇదే మంచి దారి, ఎవరూ అభ్యంతరం పెట్టరు. రక్తస్రావంతో వచ్చిన ప్రతి ఆమెకూ ఎంఎల్‌సీ (పోలీసులకు తెలిపే మెడికో లీగల్ కేసు) రాయాల్సిన పని లేదు. ఎవరు ఇచ్చారు, ఎందుకు మింగావు అని గద్దించడం మానాలి. గద్దిస్తే తర్వాతిసారి ఇంకా ఆలస్యంగా వస్తారు.

ఏఎన్‌ఎంలకు, ఎంఎల్‌హెచ్‌పీలకు (మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందికి), ఆశాలకు ఒక పూట కూర్చోబెట్టి చెప్పండి. వాళ్లు చేయాల్సింది మూడే. నెల తప్పినామెకు నిశ్చయ్ కిట్టుతో గర్భ పరీక్ష చెయ్యడం, చివరి నెలసరి తేదీ రాయడం, ఏ వారం ఏ రోజు ఏ ఆస్పత్రిలో డాక్టరు ఉంటుందో చెప్పడం. "ఉంచుకోవచ్చుగా అమ్మా" అని సలహా ఇవ్వడం వాళ్ల పని కాదు. స్టాఫ్‌లో ఎవరికైనా ఈ పని మనసుకు ఒప్పకపోతే ఆ డ్యూటీ నుంచి తప్పించండి. టేబుల్ పక్కన ముఖం చిట్లించుకుని నిలబడే సిస్టర్ కన్నా లేకపోవడమే నయం.

ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చే కాగితం మీద నాలుగు ముక్కలు చాలు: గంటకు రెండు ప్యాడ్లు చొప్పున వరసగా రెండు గంటలు తడిస్తే వెంటనే రావాలి. ఒక రోజు దాటి జ్వరమున్నా, దుర్వాసనతో ద్రవం వచ్చినా రావాలి. మిసోప్రోస్టాల్ పెట్టుకున్న 24 గంటల్లో అసలు రక్తమే కనిపించకపోయినా రావాలి, అది ట్యూబులో గర్భం కావొచ్చు. కింద 24 గంటలూ పలికే సీహెచ్‌సీ ఫోను నంబరు. కాగితం మీద అబార్షన్ అన్న మాట రాయకండి, ఇంట్లో ఎవరో ఒకరు చదువుతారు.

పదిహేనో రోజున గర్భం ఇంకా కొనసాగుతున్నట్టు తేలితే వదిలెయ్యకూడదు. మిసోప్రోస్టాల్ వల్ల పిండానికి లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. ఆ విషయం మొదటి రోజే చెప్పి, అప్పుడు ఎంవీఏకి ఒప్పుకునేటట్టయితేనే మాత్రలు మొదలుపెట్టాలి.

గర్భనిరోధకం ఎలాగూ మాట్లాడాలి, కానీ "ఆపరేషన్‌కి ఒప్పుకుంటేనే చేస్తాం" అనడం తప్పు. మళ్లీ అండం విడుదల పది రోజుల్లోపే కావొచ్చు కాబట్టి "నెలసరి వచ్చాక రా" అనకండి. ఎంవీఏ అయితే ఇన్ఫెక్షన్ లేదని చూసుకుని అదే టేబుల్ మీద కాపర్-టీ వెయ్యొచ్చు. అంతర (గర్భనిరోధక) ఇంజెక్షన్ అదే రోజు ఇవ్వొచ్చు. మాత్రలతో అయినవాళ్లకు నోటి మాత్రలు మూడో రోజునే మొదలుపెట్టొచ్చు, కాపర్-టీ మాత్రం పదిహేనో రోజు పరీక్షలో గర్భసంచి ఖాళీ అయిందని తేలాకే.